స్లిప్పు మీద మొదటి పేరు

లైబ్రరీలోని ఇరవై మూడు నవలల్లో ఒకే దొంగ సంతకం ఉంది.

స్కూలు ఫుట్‌బాల్ కెప్టెన్‌ది. ప్రతి పుస్తకం వెనక అతికించిన స్లిప్పు మీద, తీసుకెళ్లినవాళ్లలో మొదటి పేరు అతనిదే.

"అప్పుడు నేను ఒక్కటీ తీసుకోలేదు మేడం," అన్నాడు కెప్టెన్. "స్లిప్పు మీద నా పేరు చూసి టీమంతా వచ్చి కథెలా ఉందిరా అంటే, తెలీదని చెప్తే పరువు పోదూ? రెండు ఆదివారాలు కూర్చుని ఒకటి చదివేశా."

"మరి వాళ్లు?"

"నేను చదివానని వాళ్లూ చదివారు. వాళ్లని చూసి టెన్త్ అమ్మాయిలు. ఇంకోటి ఇస్తారా?"

లైబ్రేరియన్ ఇచ్చి పంపింది. ఈ టర్ములో పుస్తకాలు కదలకపోతే గది తీసేసుకుంటానన్నాడు హెడ్మాస్టర్. రేపే తనిఖీ. ఒక్క దొంగ సంతకం బయటపడితే, పిల్లల అసలు సంతకాలను ఎవరు నమ్ముతారు?

సంతకం పక్కన తేదీ చూసింది. పద్నాలుగు. ఆ రోజు ఈ పుస్తకాలు లైబ్రరీలోనే లేవు. బైండింగ్ షాపులో ఉన్నాయి.

పది నిమిషాల్లో ఆ షాపు గుమ్మంలో నిలబడింది. బైండరు జిగురు చేతులతో అట్టకి గుడ్డ అతికిస్తున్నాడు. ఆమెను చూడగానే గుడ్డ వంకర పోయింది.

"అట్టలు వేయమన్నాను. సంతకాలు కూడా వేయమన్నానా?"

"పాత స్లిప్పులు చిరిగిపోయాయండీ. ఖాళీ స్లిప్పు ఉన్న పుస్తకాన్ని ఏ పిల్లాడు ముట్టుకుంటాడు?"

"రేపు హెడ్మాస్టర్‌కేం చెప్పను?"

"నిజమే చెప్పండి. నేనూ వస్తా. ఏ పిల్లనైనా పిలిచి కథ అడగమనండి."

మర్నాడు ఇద్దరూ ఉన్నదున్నట్టు చెప్పారు. హెడ్మాస్టర్ వరండాలో వెళ్తున్న అమ్మాయిని ఆపి ఓ కథ అడిగాడు. ఆ పిల్ల పావుగంట ఆపలేదు. ముగింపు బాగోలేదని తేల్చింది. బాగుందంటూ మరో ముగ్గురు వాదానికి దిగారు.

"గది ఉంచుకోండి," అన్నాడాయన చెవులు మూసుకుంటూ.

లైబ్రేరియన్ మెడ గర్వంతో నిటారైంది. వరండా చివర, వాన తగ్గేదాకా ఇద్దరూ ఆగినప్పుడు బైండరుని అడిగింది.

"ఈ తెలివి ఎక్కడిది మీకు?"

అతను జేబులోంచి నలిగిన పాత స్లిప్పు తీశాడు. మొదటి పేరు ఆమెదే. చిన్నప్పటి గుండ్రటి అక్షరాలు.

"ఇదొకటి నేను కాజేశానండీ. తొమ్మిదిలో మీరు ఎ సెక్షన్. నేను బి, చివరి బెంచీ. పుస్తకమంటే నిద్రొచ్చేది. మీ పేరు కింద నా పేరు ఉండాలని ఈ స్లిప్పున్న పుస్తకం తీసుకున్నా. తర్వాత మీరు చదివినవన్నీ చదివా, అరవై ఒకటి. వాటి అట్టలు ఊడిపోతుంటే చూడలేక ఈ పని నేర్చుకున్నా. పదేళ్లుగా మీ పేరు కిందే ఉన్నా. ఇక పక్కన రాసుకోమంటారా?"