మూసేసిన బంకు దగ్గర వంతు నిద్ర

ఆ మూసేసిన పెట్రోలు బంకు దగ్గర ఆగొచ్చు. టైర్లలో గాలి చూసుకోవచ్చు, మొహం కడుక్కోవచ్చు, చాటుకెళ్ళి రావచ్చు. కునుకు మాత్రం తియ్యకూడదు. ఆ రోడ్డు మీద తిరిగే లారీవాళ్ళలో ఈ మాట తెలియనివాడు లేడు.

కళ్ళు మూశారో... సరిగ్గా ఇరవై నిమిషాలకి ఎవరో లేపుతారట.

కొట్టరు, తిట్టరు, పీక పట్టుకోరు. నెత్తి మీద రెండుసార్లు తడతారు. టక్... టక్. అంతే. ఉలిక్కిపడి చూస్తే చుట్టుపక్కల పురుగు కూడా ఉండదు.

మందులమ్ముకునే మనిషి ఒకాయన ఇదంతా వట్టి కోతలని కారాపి, అద్దాలన్నీ ఎత్తుకుని, తలుపులకి గడియ వేసుకుని మరీ పడుకున్నాడు. తట్టారు. తట్టింది అద్దం మీద కాదట... ఆయన నెత్తి మీదే. ఆయన మళ్ళీ ఆ రోడ్డెక్కలేదు. ఓ లారీ డ్రైవరు మాత్రం, ఆ దెయ్యాన్ని మా ఇంటికి పంపండయ్యా, మావాడు బారెడు పొద్దెక్కినా లేవడు అని నవ్వాడు. నవ్వినవాడు కూడా అక్కడ పడుకోడు, అది వేరే సంగతి.

గడియారానికి ఈ కథలన్నీ తెలుసు. ఎవరైనా నమ్ముతావా అని అడిగితే నవ్వేసేవాడు. కానీ రెండేళ్ళుగా ఆ బంకు రాగానే మెడ పట్టేసినవాడిలా ముందుకే చూస్తూ దాటిపోయేవాడు.

గడియారం అంటే అమ్మానాన్నా పెట్టిన పేరు కాదులెండి. బజారు మలుపులో, ఓ మేడమెట్ల కింద, చేతి గడియారాలు బాగుచేసే కొట్టు అతనిది. మనిషి కూర్చుంటే మోకాళ్ళు బయటికొచ్చేంత కొట్టు. ఏడాది పొడుగునా కంటికి భూతద్దం బిగించుకుని కూర్చునేవాడు, ఏడాదికోసారి మోటారుసైకిలెక్కి దూరాల ర్యాలీకి పోతాడు. అక్కడివాళ్ళు పెట్టిన పేరది.

ఆ ర్యాలీ పందెం కాదు. ఎవరూ ఎవర్నీ దాటక్కర్లేదు. ముప్పై ఆరు గంటల్లో రెండువేల కిలోమీటర్లు చుట్టి బయల్దేరిన చోటికి రావాలి. దారిలో ఆరుచోట్ల కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. టైములోగా వస్తే అరచేతిలో పట్టేంత పతకం ఇస్తారు. ఒళ్ళు హూనమైపోతుంది, నడుము వారం దాకా నడుము కాదు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే అదే. అయినా పిచ్చి పిచ్చే కదా.

ఆ పిచ్చి అతనికి అంటించినవాడు బావ. అక్క మొగుడు. ముప్పై ఏళ్ళు బస్సు తోలి ఒక్క కోడిపిల్లని కూడా తొక్కని మనిషి. తొమ్మిదేళ్ళు ఇద్దరూ జంటగా వెళ్ళారు, తొమ్మిదిసార్లూ పదో ఇరవయ్యో నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. వచ్చి, ఒకర్నొకరు తిట్టుకుని, మళ్ళీ ఏడాది చూద్దామనుకునేవాళ్ళు.

జంటగా వెళ్ళేవాళ్ళకి ఓ పద్ధతుంది. వంతు నిద్ర. ఒకడు హెల్మెట్ తియ్యకుండా నేలమీద వాలతాడు. ఇరవై నిమిషాలు. రెండోవాడు కాపలా ఉండాలి. కూర్చోకూడదు. దేనికీ ఒరక్కూడదు. నిలబడే ఉండాలి. టైమవగానే హెల్మెట్ మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టాలి. కుదిపి లేపకూడదు, ఎందుకంటే పడుకున్నవాడు కలలో కూడా బండి మీదే ఉంటాడు. కుదిపితే పడిపోతున్నాననుకుని చేతికందినదాన్నల్లా పట్టుకుని పీకుతాడు.

మూడేళ్ళ కిందట, పదోసారి వెళ్ళినప్పుడు, రెండో రాత్రి, ఇద్దరూ ఆ బంకు దగ్గరే ఆగారు. ముందు బావ పంపు దిమ్మ మీద పడుకున్నాడు. గడియారం నిలబడ్డాడు. నిలబడ్డవాడు నిలబడి ఉండక, ఒక్క క్షణం పెట్రోలు పంపుకి ఒరిగాడు...

కళ్ళు తెరిచేసరికి గంటన్నర పోయింది. లేపింది బావే. హెల్మెట్ మీద రెండుసార్లు తట్టి, "ఏమోయ్ గడియారం, ఆగిపోయావే" అని నవ్వాడు. అంతకుమించి పల్లెత్తు మాట అనలేదు. వీడు వెనకవైపుకెళ్ళి మొహం కడుక్కునొచ్చేసరికి బావ తన బండి స్టార్టు చేసి ఉన్నాడు. పోయిన గంటన్నరా పట్టుకోవాలని ఎన్నడూ తోలనంత వేగంగా తోలాడు. నాలుగో కిలోమీటరు దగ్గర కల్వర్టు గోడ... అక్కడే పోయాడు.

ఇంటికొచ్చి గడియారం అక్కతో చెప్పింది వేరు. ఎంత బతిమాలినా బావ పడుకోనన్నాడని చెప్పాడు. భయంలో నోటికొచ్చిన మాట అది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోగలమా? మర్నాటికి అందరి నోటా అదే. మొండిమనిషి అన్నారు. పతకం కోసం పెళ్ళాన్ని గాలికొదిలేశాడన్నారు. అక్క అన్నీ వింది. ఊఁ అనలేదు, ఆఁ అనలేదు.

అప్పట్నుంచీ గడియారం ప్రతి ఆదివారం అక్క ఇంటికెళ్తాడు. ఫ్యాను బాగుచేస్తాడు, కుళాయి బిగిస్తాడు, ఆవిడ ఇచ్చిన టీ తాగుతాడు. చెప్పులేసుకునేటప్పుడు ఆ మాట గొంతుదాకా వస్తుంది. మింగేసి ఇంటికెళ్ళిపోతాడు. ఒంటిగాడు. ఇంట్లో మాట్లాడించేవాళ్ళు లేరు, గోడ నిండా బాగుచేసిన గడియారాలు తప్ప. రెండేళ్ళుగా ర్యాలీకి ఒంటరిగా వెళ్ళి ఆలస్యంగానే వచ్చాడు. ఈసారి ఎలాగైనా పతకం తెచ్చి, అక్క చేతిలో పెట్టి, నిజం చెప్పేద్దామనుకున్నాడు. వట్టిచేతుల్తో వెళ్ళి చెప్పే దమ్ము అతనికి లేకపోయింది.

అలా బయల్దేరాడు... ఒక్కడే.

మొదటి రాత్రి బాగానే గడిచింది. రెండో రాత్రికి అసలు రంగు బయటపడింది. అరిచేతులు మొద్దుబారాయి. పట్టుకున్నది హ్యాండిలో, మరొకరి చేయో తెలియడం లేదు. కళ్ళలో ఇసుక పోసినట్టుంది. చీకట్లో రోడ్డుకి అడ్డంగా ఓ బర్రె పడుకుని ఉంటే బ్రేకేశాడు. బర్రె లేదు. ఇంకాస్త దూరంలో ఎవరో ఆడమనిషి బట్టలు ఆరేస్తోంది. ఆవిడా లేదు. గట్టిగా పాడాడు, తొడ మీద చరుచుకున్నాడు, ఎక్కాలు చదివాడు. పదమూడో ఎక్కం దగ్గర ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో తెలియదు.

నాలుగువందల పన్నెండో రాయి దాటినట్టు గుర్తుంది. తర్వాత చూసింది నాలుగువందల పదిహేను.

మధ్యలో మూడు కిలోమీటర్లు... ఎవరు తోలారు?

ఇంకో పది నిమిషాలు ఇలాగే పోతే తనకీ ఓ కల్వర్టు గోడ దొరుకుతుందని తెలిసిపోయింది. ఆగాలి. ఎక్కడ ఆగాలా అని చూస్తే ఎడమవైపు చీకట్లో ఆ రేకుల కప్పు, దాని కింద తల లేని పంపులు రెండు. కాళ్ళు వాటంతటవే కింద ఆనాయి. టైము చూశాడు. రెండూ నలభై. మిగిలింది నూటయాభై కిలోమీటర్లు, చేతిలో అరగంట ఉంది. ఇరవై నిమిషాలు పడుకోవచ్చు. లేపేవాళ్ళు లేరు కాబట్టి సెల్లులో అలారం పెడదామని తీశాడు. పెట్టాడో లేదో...

బండి మీదే, ట్యాంకుకి ఛాతీ ఆనించి, వాలిపోయాడు.

టక్... టక్.

కళ్ళు తెరుచుకున్నాయి. చుట్టూ చీమ చిటుక్కుమనడం లేదు. టైము మూడు. చేతిలో సెల్లు చీకటిగా ఉంది, అలారం లేదు. మెల్లగా తల తిప్పాడు.

పంపు దిమ్మ మీద ఎవరో కూర్చుని ఉన్నారు.

నిండా ముసుగు. మొహం కనపడటం లేదు. ఇటే చూస్తున్నారు... బావ పడుకున్న చోటది.

పారిపోవాలనిపించలేదు. చిత్రం ఏంటంటే, భయం కూడా వెయ్యలేదు. మూడేళ్ళుగా గొంతులో ఇరుక్కున్నది ఒక్కసారిగా కదిలింది.

"బావా..." అన్నాడు. మళ్ళీ అన్నాడు. "నేను నిద్రపోయాను బావా. పంపుకి ఒరిగాను. తప్పు నాది. నిన్ను మొండివాడని నేనే చెప్పాను. అందరూ నిన్ను అంటుంటే విన్నాను బావా... అక్క ముందే అంటుంటే విన్నాను."

దిమ్మ మీది ముసుగు కాస్త ముందుకి వంగింది.

"తెలుసురా," అంది ముసుగు.

అక్క గొంతు.

గడియారం బండి దిగబోయి కాలు తట్టుకుని కింద పడ్డాడు. ఆవిడ లేచి వచ్చి, చెయ్యందించి, దిమ్మ మీద కూర్చోబెట్టింది. చెయ్యి వెచ్చగానే ఉంది. అప్పటిదాకా రాని వణుకు అప్పుడొచ్చింది అతనికి.

ఆ రాత్రి అతను మొహం కడుక్కోవడానికి వెళ్ళిన కాస్త టైములో బావ ఇంటికి ఫోన్ చేశాడట. ఆవిడ మెల్లగా, మరొకరెవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. "'ఇద్దరం పడి నిద్రపోయాం. మీ తమ్ముడు హడలిపోయి ఉన్నాడు. ఇంటికొచ్చాక నువ్వు వాణ్ణేమీ అనకు' అన్నాడు. అదే ఆఖరి మాట."

అంటే అంత్యక్రియల నాడు తను అబద్ధం చెబుతుంటే... అది అబద్ధమని తెలిసే వింది. ఆదివారం ఆదివారం టీ ఇస్తూ తెలిసే ఇచ్చింది. ఎందుకు అడగలేదని గొణిగాడు. ఆయన అనొద్దన్నాడు కదా, అంది. నువ్వే చెబుతావేమోనని చూశానంది. ఒక్కోసారి నీ మీద ఎంత కోపం వచ్చేదో, తలుపు తియ్యకూడదనుకునేదాన్ని అని కూడా అంది. గడియారం తలెత్తలేదు. కళ్ళనీళ్ళు హెల్మెట్ లోపలే గడ్డం మీదికి కారాయి, తుడుచుకోవడానికి కూడా తోచలేదు.

కాసేపటికి అడిగాడు, ఈ మూడేళ్ళుగా ఇక్కడ అందర్నీ తడుతోంది నువ్వేనా అని.

"పిచ్చివాడా, నాకేం పని?" అంది. "నేనొచ్చింది ఈ సాయంత్రమే. మీ బావతో పనిచేసినాయన బస్సాపి దింపాడు."

బస్సువాళ్ళ దగ్గర ఈ కథ విందట. ఇరవై నిమిషాలు, రెండు తట్లు అనగానే గుండె ఆగినంత పనైందట. ర్యాలీ రోజు బావ డ్యూటీ ఎగ్గొట్టే మనిషి కాదు, తప్పకుండా వస్తాడని వచ్చి కూర్చుంది. ఏడింటి నుంచీ ఎవరూ రాలేదు. వచ్చినవాడు తమ్ముడొక్కడే. వీడిక్కడ ఆగుతాడనుకోలేదు. ట్యాంకు మీద పడి నిద్రపోతుంటే, లేపితే బెదిరిపోతాడని దగ్గరికి కూడా రాకుండా దూరం నుంచే చూస్తూ కూర్చుంది.

గడియారం నెత్తిమీది హెల్మెట్ తడుముకున్నాడు. "నువ్వు... తట్టలేదా?"

ఆవిడ చటుక్కున అతనివైపు తిరిగింది.

"నిన్ను తట్టాడా?"

అతను తలూపాడు. ఆవిడ రోడ్డు వైపు చూస్తూ కూర్చుండిపోయింది. తనలో తను అనుకుంటున్నట్టు అంది. "నిద్రపోయినవాళ్ళనే లేపుతాడు కాబోలు. నాకు నిద్ర పడితేగా."

నిద్ర పట్టక మూడేళ్ళయిందట. మంచం మీద ఆ పక్కకి తిరగలేక, ఈ పక్కకి తిరగలేక కిటికీ తెల్లబడేదాకా చూస్తూ పడుకుంటుందట. గడియారానికి చచ్చేంత సిగ్గేసింది. ఇన్ని ఆదివారాలు ఫ్యాను బాగుచేశాడు గానీ దాని కింద మనిషి పడుకుంటోందో లేదో అడిగింది లేదు.

టైము మూడూ పది. ఇప్పుడు బండెక్కితే పతకం అందుతుంది. అతను హెల్మెట్ తీసి దిమ్మ మీద తలగడలా పెట్టాడు.

"పడుకో అక్కా. నేను నిలబడతా."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. దిమ్మ మీద ముడుచుకుని పడుకుంది. ముసుగు సర్దుకుంటూ, "ఒరగకు," అంది.

ఒరగలేదు. ఆ మాయదారి పంపులకి అల్లంత దూరాన, సిమెంటు నేల నట్టనడుమ, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నడుము తెగిపోతోంది. మూడుంపావు అయింది. రోడ్డు మీద ర్యాలీ బండి ఒకటి ఎర్రదీపంతో దూసుకుపోయింది. మూడూ ఇరవై అయింది. పతకం పోయింది. పోతే పోయిందనుకున్నాడు. అక్క ఊపిరి మెల్లగా, బరువుగా మారింది. నిద్రపట్టింది. చిన్నప్పుడు ఒకే చాపమీద పడుకున్న రోజుల్లో విన్న ఊపిరి అది. ఇరవై నిమిషాలు కాదు, తెల్లారేదాకా లేపకూడదని, తెల్లారాక వెనక కూర్చోబెట్టుకుని మెల్లగా ఇంటికి తీసుకెళ్ళాలని నిశ్చయించుకున్నాడు.

మూడున్నర.

అక్క దిగ్గున లేచి కూర్చుంది.

చెయ్యి నడినెత్తి మీద పెట్టుకుని ఉంది. అటూ ఇటూ చూసింది. ఇరవై అడుగుల దూరంలో నిలబడి ఉన్న తమ్ముణ్ణి చూసింది. నెత్తిమీది చెయ్యి మాత్రం తియ్యలేదు.

"లేపింది... నువ్వేనా?"

ఆవిడ ఏ మాట వినాలనుకుంటోందో అతనికి తెలియదు. నిజమేదో మాత్రం తెలుసు.

"నేను కాదక్కా," అన్నాడు.