దుమ్ము లేపని బ్రేకు

ఎదురుగా ఏ అడ్డమూ లేదు. అయినా కర్నూలు అవతలి టెస్ట్ ట్రాక్ మీద వంద వేగంతో వస్తున్న ఆ చిన్న ఎస్‌యూవీ ఉన్నట్టుండి నిదానించింది. కంచె పక్కన మనిషి నడకంత మెల్లగా సాగి, అది దాటాక మళ్లీ దౌడు తీసింది. లోపల డ్రైవరే లేడు. కంచె అవతల మాత్రం ఒకామె నిలబడి ఉంది. మొన్న గుండెపోటుతో పోయిన టెస్ట్ డ్రైవర్ ఓబులేసు భార్య సుంకులమ్మ. ఆయన చెప్పులు తీసుకుపోదామని వచ్చింది.

ఈ బండి సంగతి చెప్పాలి. సున్నా నుంచి వంద అందుకోవడానికి దీనికి ఎనిమిది సెకన్లు. అదేం గొప్ప కాదు, గొప్పంతా ఆగడంలో ఉంది. ముందున్న కెమెరా దారిని చూస్తుంటే, పెడల్ మీద అతికించిన సెన్సర్ పొర అరికాలి నరాలను చదువుతుంది. కాలు నొక్కేలోపే బ్రేకు పడిపోతుంది. అలా డ్రైవర్ల దగ్గర నేర్చుకుని, చివరికి డ్రైవర్ లేకుండానే నడుస్తుంది. పదిమంది దగ్గర నేర్చుకుందని దాన్ని తయారుచేసిన డాక్టర్ వకుళ లెక్క. ఏం లెక్కో! మిగతావాళ్లంతా బూట్లతో తొక్కారు. బూటులోంచి ఆ పొరకేం తెలుస్తుంది? బండంటే అమ్మవారని చెప్పులు కిందే విడిచి ఎక్కినవాడు ఓబులేసు ఒక్కడే. బండి నేర్చిందంతా ఆయన కాలే.

"మధ్యాన్నం సంగటి గిన్నె పట్టుకోని ఈడే నిలబడతాంటి మేడమ్," అంది సుంకులమ్మ. "దుమ్ము పడ్తాదని ఆయప్ప నిదానంగా పోతాండె. గిన్నె మీద గుడ్డ కప్పే పనే లేకపాయ."

బండి ఎందుకు నిదానించిందో వకుళకి అప్పుడు అర్థమైంది. కానీ ఏం చేస్తుంది? హైవే మీద ఆడమనిషి కనిపించినప్పుడల్లా బండి ఇలా నిదానిస్తే వెనకొచ్చే లారీ ఊరుకుంటుందా? ఆ ఒక్క అలవాటు చెరిపేయక తప్పదని చెప్పింది. సుంకులమ్మ బతిమాలింది, ఏడ్చింది. ఆఖరికి, చెరిపాక పెట్టే పరీక్షకు కంచె దగ్గర తానే వచ్చి నిలబడతానంది.

"మీరెంత చెరిపినా నన్ను గుర్తుపడ్తాడు, చూడండి."

పరీక్ష రోజు ఆమె వేడివేడిగా సంగటి చేసి తెచ్చింది. గిన్నె మీద గుడ్డ కప్పలేదు. బండి వంద మీద వచ్చింది. ఆమె కంచెకు ఇంకాస్త దగ్గరగా జరిగింది. అది అదే వేగంతో ఆమెను దాటి వెళ్లిపోయి, మలుపులో నిలబెట్టిన అట్టబొమ్మ ముందు మాత్రం ఠక్కున ఆగింది. బ్రేకులో చురుకు ఏమాత్రం తగ్గలేదని అందరూ చప్పట్లు కొట్టారు. వకుళకి చేతులు రాలేదు. కంచె దగ్గరికి వెళ్లింది.

సుంకులమ్మ సంగటి మీద పడిన దుమ్మును కొంగుతో అద్దుతోంది.

"ఆయప్ప ఈ పొద్దు పాయ మేడమ్," అంది.