ఫోల్డర్ మీద మేఘ పేరు

"ఈ ఫోల్డర్ తెరవడానికి మీకు అనుమతి లేదు."

కృపాజ్యోతి ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది. వివరాలు నొక్కి చూసింది. ఓనర్ అన్న చోట ఒకే ఒక్క పేరు ఉంది.

మేఘ.

ఆమెకు ఒళ్లు భగ్గుమంది.

మొయినాబాద్‌లో జయరాజ్ వాళ్ల ఇంటి ముందుగదే ఫోటో స్టూడియో. పెళ్లిళ్లకు ఫోటోలు తీసేది జయరాజ్. వాటిని ఆల్బమ్‌గా కూర్చేది కృప. రెండేళ్లుగా రోజూ పొద్దున్నే చేవెళ్లలో బస్సెక్కి వస్తోంది. తీసిన ఫోటోలన్నీ టీవీ కింద పెట్టిన స్టోరేజ్ డబ్బాలో ఉంటాయి. డబ్బా ఇంటి వైఫైకి కలిపి ఉంటుంది. పేరు, పాస్‌వర్డ్ కొడితే ఏ కంప్యూటర్ నుంచైనా అందులోకి వెళ్లవచ్చు.

నెల క్రితం గండిపేట నుంచి మేఘ వచ్చింది. డ్రోన్ ఎగరేస్తుంది. వచ్చిన రెండో రోజు నుంచే జయరాజ్‌ను "జేఆర్" అంటోంది. అట్లా పిలవవచ్చని రెండేళ్లలో కృపకు తోచనే లేదు. తనకు తోచనందుకు కూడా మేఘ మీదే కోపం వచ్చింది.

"జయరాజ్ సార్!"

లోపలి నుంచి వస్తున్న జయరాజ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. కృప మామూలుగా పేరు పెట్టి పిలుస్తుంది, నువ్వు అంటుంది. సార్ అన్నదంటే గాలివాన వస్తున్నట్టే. బయట నిజంగానే చినుకులు మొదలయ్యాయి.

"ఏమైంది కృపా?"

"ఏం కాలేదు సార్. కనకమామిడి పెళ్లి ఫోల్డర్ మేఘ మేడం పేరు మీద రిజిస్ట్రేషన్ అయిందంట, పొలం పట్టా అయినట్టు. జర ఆమెను అడిగి మాకు తొవ్వ ఇప్పిస్తరా?"

"నేనేం చేయలే. నిజంగ!"

"బీరమ్మవ్వ గంటల వస్తది, ఫోటోలు ఏరనీకి. ఏం చూపిస్తం ఆమెకు?"

కనకమామిడి ఊళ్లో ఆ పెళ్లికూతురికి నానమ్మ బీరమ్మ. ఆ ఇంట్లో ఏ ఆల్బమ్ అయినా ఆమె ఒక్కొక్క ఫోటో చూసి "ఊఁ" అన్నాకే ప్రింటుకు పోవాలి. మొన్ననే ఫోన్ చేసి, తన కళ్లు మూసుకున్న ఫోటో ఒక్కటి కూడా ఉండొద్దని చెప్పి పెట్టింది.

జయరాజ్ డబ్బాను ఆపి మళ్లీ వేశాడు. వైరు పీకి పెట్టాడు. తెర మీద అదే వాక్యం.

"మేఘకు ఫోన్ చేస్త ఉండు."

"చేయండి. నంబరు నోటికే వచ్చి ఉంటది గద."

"ఎందుకు గట్ల మాట్లాడుతవ్?"

"మోకిల స్టూడియో వాళ్లు రమ్మంటున్నరు. సోమవారం నుంచి వస్తనని మెసేజ్ పెడుతున్న. ఇక్కడ నాతోని పనేమున్నది?"

జయరాజ్ ముఖం వాడిపోయింది. ఏదో అనబోయాడు. అంతలో గేటు దగ్గర స్కూటీ ఆగింది. మేఘ తడిసి ముద్దయి లోపలికి వచ్చింది. జయరాజ్ దండెం మీది తువ్వాల తీసి ఇచ్చాడు. కృప చూసిన చూపుకు ఆ తువ్వాల అంటుకోవాల్సింది.

"ఏంది జేఆర్, ఇద్దరు గిట్ల నిలబడ్డరు?"

సంగతి విని మేఘ నాలుక కరుచుకుంది. "అయ్యో, ఆ తాళం నేనే వేసిన. పోయిన వారం నువ్వు హల్దీ ఫోటోలు సగం డిలీట్ చేసినవ్ గద జేఆర్. మళ్ల గట్ల కావొద్దని 'నాకు మాత్రమే' అని పెట్టి, లోపలి ఫోల్డర్లన్నిటికి వర్తించాలని టిక్ కొట్టిన. మీరు చూడనీకి కూడ రాదని తెల్వదు. సారీ. ఒక్క నిమిషం, విప్పేస్త."

లాప్‌టాప్ ముందు కూర్చుని తన పేరుతో డబ్బాలోకి వెళ్లింది. ఎవరికి అనుమతి ఇవ్వాలో ఎంచుకునే జాబితా తెరిచింది.

"జేఆర్‌కు ఇచ్చిన. కృపకు... అరే, ఇందులో కృప పేరే లేదేంది?"

కృప దగ్గరికి వచ్చి జాబితా పైనుంచి కిందిదాకా చూసింది.

"నెల కింద వచ్చినామెకు పేరున్నది," అంది కృప. "రెండేండ్ల సంది కూసున్నదానికి లేదు."

"నువ్వు నా పేరుతోనే పోతవ్ గద కృపా! మొదటి రోజే నా పాస్‌వర్డ్ ఇచ్చిన. ఇప్పటిదాక ఆ డబ్బా నిన్ను ఆపిందంటే నన్ను కూడ ఆపినట్టే. నేను తీసిన ఫోటోలు నాకే లేకుండె."

"మరి మేఘకు మీ పాస్‌వర్డ్ ఎందుకియ్యలే సార్?"

"ఆమెకెట్లిస్త? నా ఫోటోలు, అమ్మ దవాఖాన కాయితాలు, నావి అన్నీ అందులనే ఉంటయి."

అనేశాక తనేమన్నాడో అతనికి అర్థమైంది. చెవులు ఎర్రబడ్డాయి. మేఘ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"అవ్వ వస్తున్నదేమో చూస్త," అని వసారాలోకి పోయింది.

"నీ కాయితాలు నేను ఎన్నడు తెరవలే," అంది కృప.

సార్ పోయి నువ్వు వచ్చింది. జయరాజ్ ఊపిరి తీసుకున్నాడు. "తెలుసు. తెరిచినా ఫికర్ లేదు."

"అయినా సరే, నాకు నా పేరు కావాలె."

అతను డబ్బా సెట్టింగుల్లోకి పోయి కృప అని కొత్త పేరు చేర్చాడు. ఫోటోలు చూడటానికి, మార్చటానికి, తీసేయటానికి, అన్నిటికీ అనుమతి ఇచ్చి లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. "పాస్‌వర్డ్ నువ్వే పెట్టుకో."

"అటు తిరుగు."

"నాకు కూడ చెప్పవా?"

"చెప్ప."

అతను బుద్ధిగా గోడ వైపు తిరిగాడు. ఈసారి ఫోల్డర్ తెరుచుకుంది. మొదటిదే మేఘ డ్రోన్ ఫోటో. పందిరి, చుట్టూ పచ్చటి మక్క చేను. ఫోటో అంత బాగుండటం కృపకు నచ్చలేదు.

"మోకిలకు మెసేజ్ పెట్టినవా?" గోడనే అడిగాడు జయరాజ్.

"ఇంకా లేదు."

"పెట్టకు. ఆదివారం అమ్మను తీసుకొని మీ ఇంటికి వద్దామనుకుంటున్న. మీ బాపుతోని మాట్లాడనీకి. నీకు... ఇష్టమైతేనే."

"అవ్వ ఆటో దిగుతున్నది!" వసారాలోంచి మేఘ కేక వేసింది. "మాట్లాడుకునేదేమన్న ఉంటే జల్ది మాట్లాడుకోండ్రి!"

కృప ఫోన్‌లో సగం రాసిన మెసేజ్‌ను చెరిపేసింది.

"ఆదివారం వద్దు."

గోడ ముందు అతని భుజాలు జారిపోయాయి.

"ఆదివారం బాపుకు పొద్దుగూకేదాక చర్చిలనే పని," అంది కృప. "శనివారమే రా. అత్తమ్మను తీసుకొని."