వేటగాడి గుడిసె దగ్గర మూడడుగులు

కొండమీది ఆ పాడుబడ్డ వేటగాడి గుడిసె దగ్గరికి చీకట్లో వెళ్తే వెనకాల అడుగులు వినిపిస్తాయట. మూడే అడుగులు... ఆపైన నిశ్శబ్దం. తిరిగి చూశారా, అంతే సంగతులు! మంచులో బిగుసుకుపోయి చచ్చిన వేటగాడు ఇంకా అక్కడే తిరుగుతున్నాడని ఆ కార్పాతియన్ పల్లెలో తాగనివాళ్ళు కూడా ఒట్టేసి చెబుతారు.

"ముప్పయ్యేళ్ళు బళ్ళో పిల్లల్ని కాశాను, దెయ్యమొక లెక్కా!" అని నవ్వేసింది జంఫీరా టీచరు.

ఆవిడ భయమల్లా రంపాలంటేనే. గుడిసె పైనున్న దేవదారు అడవిని సోమవారం కొట్టేస్తారు. అక్కడ కొండకోడి అనే అరుదైన అడవి పిట్ట ఉందని తేలితే మాత్రం చట్టప్రకారం చెట్టు ముట్టుకోకూడదు. "ఆ పిట్ట పోయి పదేళ్ళయింది" అని అటవీ అధికారి పాంఫిల్ కాగితం మీద రాసి పారేశాడు. కంటితో చూసి గుర్తుపడితే తప్ప ఆవిడ మాట చెల్లదు.

అందుకే ఏప్రిల్ చలిలో, తెల్లారకముందే బయల్దేరింది.

గుడిసె దాటిందో లేదో... టక్. టక్. టకటకటక — సీసా బిరడా ఊడినట్టు ఓ చప్పుడు — వెంటనే కత్తి నూరుతున్నట్టు గరగర. కొండకోడి పుంజే! ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

ఆ గరగర సాగే రెండు మూడు క్షణాలూ పుంజుకి చెవులు వినపడవు. అప్పుడే మూడడుగులు వెయ్యాలి. పాట ఆగిందా, రాయిలా నిలబడిపోవాలి. ఆ కొండల్లో తాతలనాటి పద్ధతి అది.

గరగర... మూడడుగులేసి ఆగింది.

గరగర ఆగకముందే వెనకాల — మంచు కరకరలాడింది. ఇంకెవరివో అడుగులు. మూడు. ఆగాయి.

మళ్ళీ పాట. మళ్ళీ మూడు. వెనక... మళ్ళీ మూడు.

జంఫీరాకి ఆ చలిలోనూ చెమటలు పట్టాయి. తిరిగితే పుంజు ఎగిరిపోతుంది. తిరక్కపోతే... "మరియ తల్లీ, దెయ్యమే అయితే నేను పిట్టని చూసేదాకా ఆగమను" అని లోలోపలే మొక్కుకుంది.

తూర్పు తెల్లబడింది. కొమ్మ మీద విసనకర్రలా విప్పిన నల్లటి తోక, కంటిపైన ఎర్రటి మచ్చ, గడ్డంలా వేలాడే ఈకలు. కొండకోడే, అనుమానం లేదు. సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది.

అంతలో మెడ మీద వెచ్చటి ఊపిరి... పచ్చి ఉల్లిపాయ వాసన!

దెయ్యం ఉల్లిపాయ తింటుందా? గరగర మొదలవగానే గిర్రున తిరిగింది.

పాంఫిల్!

"దొంగ సాక్ష్యం రాస్తారేమో, పట్టుకుందామని వెంట వచ్చాను టీచరమ్మా," గొణిగాడు. "ఇక్కడ పిట్టా లేదు, గిట్టా లేదు."

"అలాగా," గుసగుసగా అంది ఆవిడ. "మరి ఇంతసేపూ ఎవరి పాటకి అడుగులు వేశావు నాయనా?"

పైన పుంజు మళ్ళీ గరగరలాడింది. వద్దన్నా వినకుండా పాంఫిల్ కాళ్ళు ముందుకి కదిలాయి.

ఆగి, టోపీ తీసి తల గోక్కున్నాడు. "...పెన్నుందా టీచరమ్మా?"