చివరి వరుసలో నవ్వు

నోయిడాలో ఫిల్మ్ సిటీ వెనక ఒక స్టూడియో ఉంది. రాత్రివేళ దాని చివరి వరుసలో ఎవరూ కూర్చోరు. హాస్య కార్యక్రమం చూస్తూ, నవ్వి నవ్వి అక్కడే ప్రాణం విడిచిన ప్రేక్షకుడొకడు, జనం వెళ్ళిపోయాక ఇప్పటికీ నవ్వుతాడని చెప్పుకుంటారు.

సదాశివరావుగారు ఆ మాట నమ్మలేదు. దెయ్యం సంగతి అలా ఉంచి — ఆ కార్యక్రమం చూసి మనిషన్నవాడు నవ్వగలడా అన్నదే ఆయన సందేహం.

ఆయన సంస్కృతం బోధించి పదవీ విరమణ చేసినవారు. మయూర్ విహార్‌లో కొడుకు ఇంట ఉంటారు. మనుమరాలు ఇషిత ఆ కార్యక్రమంలో చిన్న వేషాలు వేస్తుంది. ఆ రాత్రి ఆలస్యమవుతుందంటే తోడు వచ్చారు.

"చివరి వరుస వద్దు బాబూజీ..." అని కాపలావాడు గొణిగాడు. ఆయన వెళ్ళి సరిగ్గా అక్కడే కూర్చున్నారు.

బస్సులో తెచ్చిన జనం — ఒకడు ఎర్ర అట్ట ఎత్తితే నవ్వుతారు, దించితే ఆవలిస్తారు. చీర కట్టిన మగవాడు జారిపడ్డాడు, అట్ట లేచింది. మళ్ళీ పడ్డాడు, మళ్ళీ లేచింది. ఆపైన అతిథి గాయకుడట, రాత్రిపూట నల్లకళ్ళద్దాలతో. పాట ముందు నడిచింది; పెదవులు వెనక వచ్చాయి.

పాట అయ్యేసరికి బస్సు వేళయింది. జనం లేచిపోయారు. ఇషిత వంతు ఇంకా రానేలేదు.

దర్శకుడు ఆమెతో అన్న మాటలు వెనకదాకా వినబడ్డాయి. నవ్వులు తరవాత అతికించుకోవచ్చునట. కాని ఇక్కడున్నవాళ్ళలో ఒక్కరైనా నవ్వకపోతే ఆమె రాసుకున్న స్కిట్ తీసేస్తాడట. రేపటినుంచి ఆమె రానక్కరలేదట.

హాలులో దీపాలు ఆర్పారు. వేదిక మీద మాత్రమే వెలుగు...

ఇషిత మఫ్లర్ చుట్టుకుని, దగ్గుతూ ముసలాయన వేషంలో వచ్చింది. సరుకులు తెచ్చిన కుర్రాడు గుమ్మంలో ఓటీపీ అడిగాడు. ముసలాయన కళ్ళద్దాలు తుడుచుకుని, ఆ సంఖ్యను ఏ ప్రయోజనార్థం అర్థిస్తున్నావని, సంస్కృతాన్ని మించిన హిందీలో విచారణ మొదలుపెట్టాడు. మొదటి అంకె పలికేలోగా ఓటీపీ గడువు తీరిపోయింది.

ఆ మఫ్లర్ తనది. ఆ దగ్గు తనది. సదాశివరావుగారు దవడలు బిగించారు.

సిబ్బంది ఫోన్లు చూసుకుంటున్నారు. ఎవరూ నవ్వలేదు. ఆపమనడానికి దర్శకుడు చెయ్యి ఎత్తబోయాడు.

వేదిక మీద ముసలాయన కుర్రాడికి కుర్చీ చూపించాడు. "కూర్చో నాయనా. రెండోది వచ్చింది. మొదటినుంచి చెబుతాను."

అప్పుడు — చివరి వరుసలోంచి ఒక నవ్వు.

కీచుమని మొదలై, మోటుగా, ఊపిరాడనట్టు... ఆగకుండా... చివర టక్కుమని, ఎముక నేలకు తగిలినట్టు చప్పుడు.

స్టూడియో బిగుసుకుపోయింది. అట్టవాడు అట్ట వదిలేసి తలుపువైపు పరుగెత్తాడు. సదాశివరావుగారు అటూ ఇటూ చూశారు — అన్నీ ఖాళీ కుర్చీలే. అలాంటి నవ్వు ఆయన తన జీవితంలో విని ఎరుగరు. మెల్లగా చీకట్లోకి వంగారు.

"స్కిట్ ఉంచండి," అన్నాడు దర్శకుడు. "వాడు... నవ్వాడు."

ఇంటికి వస్తుంటే కారులో ఇషిత ఆయనవైపు తిరిగింది.

"తాతయ్యా, సచ్ బతాయియే నా... నిజం చెప్పండి. మీరు అక్కడే ఉన్నారు కదా. ఎవరు నవ్వారు?"

ఆయన తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపారు. నోటికి అడ్డం పెట్టుకున్న రుమాలు తీయలేదు. రెండో చేతి గుప్పిట్లో, చీకట్లో నేల తడిమి ఏరుకున్న కట్టుడుపళ్ళు ఇంకా చల్లగానే ఉన్నాయి.