ఏమీ రాని విద్యార్థి కావలెను

లిఫ్ట్ రెండంతస్తుల మధ్య ఆగిపోయినప్పుడు ఆమె ఆన్‌లైన్ క్లాసులో ఉంది. ఆగిన సంగతి వెంటనే గమనించలేదు. ఫోన్లో "చిన్నపిల్లలకు ఓర్పు నేర్పడం ఎలా" అనే పాఠం నడుస్తోంది.

కాసేపటికి పైన ఊచల తలుపు కిర్రుమంటూ జరిగింది. ఒక తల తలకిందులుగా కనబడింది.

"భయపడకండి. చెయ్యివ్వండి, పైకి లాగుతాను."

"కాస్త ఆగండి. అటెండెన్స్ తీసుకుంటున్నారు."

లిఫ్ట్ మెకానిక్‌గా అతను చాలామందిని ఇలా బయటికి తీశాడు. కొందరు ఏడ్చారు, కొందరు తిట్టారు. ఆగమన్నవాళ్ళు మాత్రం లేరు.

"ఇంకెంతసేపండీ? రక్తమంతా తలలోకి దిగుతోంది."

"ఓర్పు గురించే చెప్తున్నారు. మీరూ వినండి."

అతను బోర్లా పడుకుని విన్నాడు. మధ్యలో తెర మీది మేడమ్, "మీ వెనక వేలాడుతున్నది ఎవరమ్మా?" అని అడిగారు.

"నన్ను రక్షించడానికి వచ్చారు మేడమ్."

"సంతోషం. మ్యూట్‌లో ఉండమనండి."

వీధి చివర ప్రీస్కూల్లో ఆమె ఆయా. ముక్కులు తుడవడం, తప్పిపోయిన సాక్సులు వెతకడం ఆమె ఉద్యోగం. నాన్న మంచాన పడ్డప్పుడు ఇంటర్‌తో చదువు ఆగిపోయింది. నాన్న లేచి తిరుగుతున్నాడు గానీ చదువు మాత్రం లేవలేదు. ఈ టీచింగ్ సర్టిఫికెట్ చేతికొస్తే సెలవుల తర్వాత నర్సరీ క్లాసు ఆమెకే ఇస్తానని హెడ్ మేడమ్ మాటిచ్చారు. రాకపోతే ఇంకొకరు టీచరుగా వస్తారు, ఈమె వాళ్ళ క్లాసు పిల్లల ముక్కులు తుడుస్తుంది.

ఇక మిగిలింది డెమో పాఠం. వీడియో ఒకే ఊపులో తీయాలి, ఎక్కడా కత్తిరించకూడదు. నేర్చుకునే మనిషికి ఆ విషయం ముందే తెలిసి ఉండకూడదు. పిల్లలు దొరక్కపోతే పెద్దవాళ్ళయినా ఫర్వాలేదు.

"ఏమీ రాని మనిషిని ఎక్కణ్ణుంచి తేను?" అని ఆమె లిఫ్ట్ దగ్గర బెంగపడింది. లిఫ్ట్ బాగైపోయినా అతను దాన్ని పలకరించడానికి తరచూ వస్తున్నాడు.

"నాకేమీ రాదండీ," అన్నాడు అతను గర్వంగా.

"మొక్కల గురించి?"

"బొత్తిగా తెలీదు. పచ్చగా ఉంటాయని విన్నాను."

అలా ఒక ఉదయం ఖాళీ క్లాసురూములో, మోకాళ్ళు గడ్డానికి తగిలేంత చిన్న కుర్చీలో అతను కూర్చున్నాడు. ఫోన్ పట్టుకుని వీడియో తీయడానికి వాళ్ళమ్మను వెంటబెట్టుకొచ్చాడు.

"మొక్కకు నీళ్ళు పోస్తే ఎవరు తాగుతారు?" అని ఆమె మొదలుపెట్టింది.

"వేర్లు టీచర్! వేర్లు రెండు రకాలు. తల్లివేరు, పీచువేరు."

"ఆకు ఏం..."

"కిరణజన్య సంయోగక్రియ!"

ఫోన్ వెనక అమ్మగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొడుకు నోట అంత పెద్ద మాట ఆవిడ ఎప్పుడూ వినలేదు.

వారానికి జవాబొచ్చింది. "పాఠం బాగుంది. నేర్చుకున్నవారెవరూ కనబడలేదు. ఇంకొక్క అవకాశం ఇస్తున్నాం."

ఆమె నేరుగా లిఫ్ట్ దగ్గరికి వెళ్ళింది. అతను తలుపుకు నూనె పెడుతున్నాడు.

"చదువుకుని వచ్చారా?"

"మా అక్క కూతురి సైన్స్ పుస్తకమండీ."

"ఎందుకు?"

"మీకు మంచి పేరు రావాలని."

"నాకు పేరు రావాలంటే మీకేం రాకూడదని చెప్పానా లేదా? ఊరికే ఏమీ తెలియకుండా కూర్చోడానికి అంత కష్టమా?"

అతను నూనె డబ్బా కింద పెట్టాడు.

"ఇంకెవరి ముందైనా అయితే కష్టం కాదండీ."

బయట వాన మొదలైంది. సరిగ్గా ఇలాంటప్పుడే మొదలవడం వానకు అలవాటు.

కోపం ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. తనూ అంతేగా. ఆన్‌లైన్ క్లాసులో అర్థం కానివాటికి కూడా తల ఊపుతూ కూర్చున్న రోజులున్నాయి.

"నా క్లాసులో రానివాళ్ళని చూసి ఎవరూ నవ్వరు," అంది. "నేను నవ్వనివ్వను."

అతను ఆలోచించాడు. తర్వాత మెల్లగా ఒక కాలు పైకెత్తాడు. బూటు లేసులు ముడి లేకుండా, వైర్లు కట్టే ప్లాస్టిక్ ట్యాగ్‌తో బిగించి ఉన్నాయి.

"లేసు కట్టుకోవడం రాదండీ. చిన్నప్పుడు క్లాసంతా నవ్వారు. ఇంకెవర్నీ అడగలేదు."

నవ్వు ఆమె గొంతుదాకా వచ్చింది. మింగేసింది.

"రేపు రండి. ఏమీ చదివి రావద్దు."

రెండో వీడియోలో అతనికి నిజంగానే ఏమీ రాలేదు. ముడి జారింది. మళ్ళీ జారింది. నుదుటి మీద చెమట పట్టింది. తనే కట్టేద్దామని ఆమె చేతులు లేచాయి. వాటిని ఒళ్ళో పెట్టుకుని, ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"ఒరేయ్, అటు కాదురా, ఇటు!" అంది ఫోన్.

"ఆంటీ, మీరు చెప్పకూడదు. ఫర్వాలేదు, మళ్ళీ చేద్దాం. ఇక్కడిదాకా బాగా వచ్చింది."

చివరికి ముడి నిలిచింది. ఒక చెవి పెద్దది, ఒక చెవి చిన్నది. అతను దాన్ని, ఎవరో దానం చేసిన ఆస్తిని చూసినట్టు చూసుకున్నాడు. తర్వాత చెయ్యెత్తాడు.

"టీచర్, ఒక డౌట్. రేపట్నుంచి క్లాసుండదు. ఇక్కడికి రావడానికి నాకు కారణం ఉండదు. పెళ్ళి చేసుకుంటే కారణం అక్కర్లేదు కదా?"

వీడియో ఆపడానికి లేదు, కత్తిరించడానికి లేదు. విద్యార్థి ఏమడిగినా మెచ్చుకుని, ప్రశ్నను తిరిగి అతనికే అప్పగించాలని కోర్సులో నేర్పారు.

"మంచి ప్రశ్న," అంది ఆమె, చెవులు ఎర్రబడుతుండగా. "మీరేమనుకుంటున్నారు?"

"నేనైతే సరే అనుకుంటున్నా," అంది ఫోన్.

ఆమె ఆ వీడియోనే పంపింది.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం ఫలితం వచ్చింది. "ఉత్తీర్ణులు. విద్యార్థి తప్పు చేస్తున్నప్పుడు ఆగగలగడం ఈ టీచర్ బలం. అతని చివరి ప్రశ్నకు జవాబు చెప్పనందుకు మార్కులు తగ్గించాం."

అతను చదివి, ఫోన్ తిరిగిచ్చాడు.

"మార్కులు ఎలాగూ పోయాయి. ఇప్పుడైనా చెప్పొచ్చుగా?"

"సరే."

"సరే అంటే?"

"సరే అంటే సరే. మీ అమ్మగారిని తీసుకుని మా ఇంటికి రండి. నాన్నతో చెప్పి ఉంచాను."

"ఎప్పుడు చెప్పారు?"

"వీడియో పంపే ముందే."

"మరి నాకెందుకు చెప్పలేదండీ? ఇన్నాళ్ళూ అన్నం సహించలేదు నాకు!"

ఆమె తల దించుకుంది. "రిజల్ట్ రానిదే చెప్పకూడదనుకున్నా. టీచర్ని కాకముందే పెళ్ళికూతుర్నయితే, ఇక టీచర్ని కానేమోనని భయం వేసింది."

అతను వంగి తన లేసు ముడి సరిచూసుకున్నాడు.

"స్కూల్ ఎప్పుడు తెరుస్తున్నారు?"

"సోమవారం."

"అయితే మంగళవారం వస్తాం," అన్నాడు. "ముందు సోమవారం మీరు టీచరవ్వాలి కదా."