చియావో వంటింటి పొగగొట్టం

"ఇవాళ ఆ డ్రోన్ మన యుద్ధనౌక మీద దిగి తీరాలి. అది సముద్రంలో పడితే, నీ ఉద్యోగం, నా ఉద్యోగం కూడా అందులోనే పడతాయి."

బోహాయ్ తీరంలోని వైమానిక స్థావరం గోడ పక్కన బొగ్గు లారీ ఆగి ఉంది. అందులో కూర్చుని గూఢచారి శాఖ అధికారి హావో అన్న మాట అది. పక్కన తోంగ్ ఉన్నాడు. శాఖకి ఏజెంటు, ఊరికి బాయిలర్లు బాగుచేసే మనిషి. చలికాలమంతా ఇదే వేషం. చేతుల మసి నిజం, పేరు దొంగది.

"పోయినసారి ఏమైంది సార్?"

"దిగబోతూ దారి తప్పింది. మన సిగ్నల్ కాకుండా ఇంకెవరి మాటో విన్నది. అదృష్టం బాగుండి తిరిగొచ్చింది. ఈసారి గుంజుకుపోతారు. చేపల పడవ వేషంలో వాళ్ల ఓడ కాచుకుని ఉంది."

"వాళ్లంటే ఎవరు?"

"ఫైల్లో ఆ దేశం పేరు మీద నల్లసిరా పూశారయ్యా. నాకే చెప్పలేదు, నీకేం చెప్పను? గంటలో హెలికాప్టర్ వస్తుంది. నౌకెక్కు. దొంగ సిగ్నల్ ఇచ్చేవాడు అక్కడే ఉంటాడు. నువ్వు వెళ్తున్నట్టు నాకూ కెప్టెన్‌కూ తప్ప ఎవరికీ తెలీకూడదు. చియావోకి కూడా."

చియావో ఊళ్లో నూడుల్స్ అంగడి నడుపుతుంది. శాఖకి వేగులు మోస్తుంది. ఆమె ఎర్రకోటు చూడ్డానికే సగం ఊరు రెండుసార్లు భోంచేస్తుంది.

తోంగ్ అలవాటు ప్రకారం అక్కడికే వెళ్లాడు. వెళ్లడానికి వేరే చోటు లేదు.

"రావయ్యా మసి అన్నా! పెళ్లాం లేదు, కుక్క లేదు. జలుబైనా నీ దగ్గర రెండ్రోజులు నిలవదు కదా!"

"నూడుల్స్ పెట్టు చెల్లీ."

"ఇవాళ నీ ఇష్టం కాదు, నా ఇష్టం."

పళ్లెం నిండా జియావోజీలు తెచ్చి పెట్టింది. కజ్జికాయల్లా అంచులు మడిచి ఉడికించినవి. లోపల పంది మాంసం, పుల్లటి క్యాబేజీ. ఆ ప్రాంతంలో ఊరెళ్లే మనిషికి ఇంట్లోవాళ్లు జియావోజీలు పెడతారు, తిరిగొచ్చినవాడికి నూడుల్స్. అమ్మ పోయాక అతన్ని సాగనంపినవాళ్లు లేరు. ప్రతి మిషన్‌కీ స్టేషన్లో చల్లారిన రొట్టె కొరుక్కుంటూ రైలెక్కేవాడు.

తలెత్తకుండా తిన్నాడు. ఆఖరిది నోట్లో వేసుకున్నాక చేతిలో తినే పుల్లలు ఆగిపోయాయి.

నేను వెళ్తున్నట్టు ఈమెకెవరు చెప్పారు?

పైన ఆకాశం దద్దరిల్లింది. ముందు ఫైటర్, వెనకే డ్రోన్. గాలి మళ్లుతుందని ముందే లేపినట్టున్నారు. తోంగ్ కిటికీలోంచి తల బయటపెట్టి పైకి చూశాడు. వెనక వంటింటి కప్పు మీద పొగగొట్టాలు రెండు. ఒకటి నల్లగా ఉంది. రెండోదానికి మసి లేదు, నెత్తిన మంచు కరగలేదు. చలికాలమంతా దాని కిందనుంచే వచ్చాడు. కళ్లు మాత్రం ఎర్రకోటు మీదే ఉండేవి.

గుమ్మానికున్న కర్టెన్ తోసుకుని వంటింట్లోకి దూకాడు. గొట్టంలోంచి దిగిన తీగ పిండి డబ్బాలోకి వెళ్లింది. డబ్బాలో చిన్న తెర వెలుగుతోంది. తెర మీద డ్రోన్ చుక్క నౌకని వదిలి చేపల పడవ వైపు జారుతోంది.

"ముట్టుకోకు అన్నా." వీపుకి పిస్తోలు ఆనింది.

"నా ప్రయాణం సంగతి నీకెట్లా తెలిసింది?"

"మీ హావో సారు కెప్టెన్‌తో ఫోన్లో అరుస్తాడుగా. సగం సముద్రం వింటుంది."

"తెలిస్తే తెలిసింది. రోజూలాగే నూడుల్స్ పెట్టుంటే, నేనీపాటికి స్థావరం దారిలో ఉండేవాణ్ణి కదా!"



"సాగనంపేవాళ్లు లేరని ఓ రోజు నువ్వే అన్నావు. పొద్దున పిండి కలుపుతుంటే చెయ్యి నా మాట వినలేదు."

చుక్క పడవని తాకబోతోంది. తోంగ్ వెనక్కి తిరగలేదు. రెండు చేతులతో తీగ పట్టుకుని పెరికేశాడు. పిస్తోలు పేలలేదు.

తెర నల్లబడింది. బయట, సముద్రం మీది మంచుగడ్డల మీద నీడ పడేంత కిందికి వచ్చిన డ్రోన్ ఒక్కసారి ముక్కు పైకెత్తి, నౌక వైపు తిరిగింది. కాసేపటికి తోంగ్ జేబులో రేడియో గరగరలాడింది: "దిగింది."

తోంగ్ కబురు పెట్టిన పోలీసులు వచ్చేసరికి చియావో కోటు గుండీలు పెట్టుకుని సిద్ధంగా ఉంది. "పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి, ఆపెయ్," అని మాత్రం చెప్పి, వాళ్ల వెంట నడిచింది.

సాయంత్రం ఖాళీ అంగట్లో హావో రిపోర్టు రాసుకుంటున్నాడు.

"ఆ డబ్బా సరే. ముందసలు అనుమానం ఎందుకొచ్చిందో పైవాళ్లకి చూపించాలి కదా. ఆ జియావోజీలేవి?"

"తినేశాను సార్."

"సాక్ష్యాన్ని తినేశావా! ఒక్కటైనా మిగల్చొద్దూ?"

"నాకోసం చేసినవి సార్," అన్నాడు తోంగ్. "ఎట్లా మిగులుస్తాను?"